అడ్డపొగ దగ్గు

"నా పేరు ఈ గుమ్మం దాటిందంటే నానూ దాటి ఎల్లిపోతాను. సముద్రం ఎంతో దూరం నేదు కోడలా."

అత్త తవిటమ్మ ఆ మాట అరిచి అనలేదు. గోడవైపు తిరిగి, మామూలుగా అంది. అందుకే దుర్గకి ఒళ్లు చల్లబడింది. అత్తకి టీబీ అని తేలిన సంగతి అప్పుడే ఆస్పత్రి నుంచి మోసుకొచ్చి చెప్పిందామె... చెప్పిన నోరు కోసేసుకోవాలనిపించింది!

హార్బర్ వెనక జాలారి వీధుల్లో దుర్గ ఆశా కార్యకర్త. గడప గడపకీ పోయి, తగ్గని దగ్గు ఎవరికైనా ఉందా అని అడగడం ఆమె పని. అందరినీ అడిగింది. తన ఇంట్లో దగ్గుని మాత్రం అడగలేదు. తవిటమ్మ నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తుంది. అడ్డపొగ తాగే ఆడదానికి దగ్గు రాకపోతే వింతగానీ, వస్తే వింతేముంది? ఆ వీధి ముసలమ్మలందరూ అలాగే దగ్గుతారు. అడ్డపొగ దగ్గే కదా అని దుర్గ కూడా తోసేసింది. కళ్లెలో ఎరుపు కనిపించేదాకా తోసేస్తూనే ఉంది!

పక్కింటి సూర్యకళ తెల్లారకముందే హార్బర్లో చేపల వేలానికి పోతుంది. ఏడాది నిండని కూతుర్ని తవిటమ్మ ఒళ్లో పెట్టి పోతుంది. ఆ పిల్లకి ఆ ఒళ్లే ఊయల. మొహం మీద మొహం పెట్టి ఆడించేది తవిటమ్మ. ఆడిస్తూ దగ్గేది. నెలల తరబడి అంతే...

పాపకి పరీక్ష చేయించాలి, జబ్బు లేకపోయినా ముందుజాగ్రత్త మందు వేయాలి, పసివాళ్లకి ఇది మెదడుకెక్కితే దక్కరు అంది డాక్టరమ్మ. రోగి ఒప్పుకోకుండా పేరు బయటపెట్టకూడదనీ ఆ నోటితోనే అంది. రెండూ న్యాయమే. ఆ రెండు న్యాయాలూ ఒక ఆడదాని నెత్తిన పెట్టి ఇంటికి పంపేశారు! పిల్లకి మందెందుకని తల్లి అడగదా? పిల్ల పెరిగింది ఒకే ఒళ్లో అయినప్పుడు పేరు దాగుతుందా? పైగా, అత్తని వేరే గదిలో ఉంచమన్నారు. గది! ఉన్నది ఒకటే గది. అందులోనే పొయ్యి, అందులోనే వలలు, అందులోనే కాపురం. ఈ సలహాలిచ్చే పెద్దలు ఒక్క వానాకాలం వచ్చి ఇక్కడ పడుకోవాలి.

దుర్గ బతిమాలింది, ఏడ్చింది. తవిటమ్మ కరగలేదు. తన తోడికోడలికి ఇదే జబ్బొస్తే ఆమె గంపలో చేప ఎవరూ ముట్టలేదనీ, పోయాక పాడె మొయ్యడానికి నలుగురు దొరకలేదనీ చెప్పుకొచ్చింది. మందు మింగుతానంది. పాపని ఎత్తుకోనని మాటిచ్చింది. నిలబెట్టుకుంది కూడా! మర్నాడు సూర్యకళ వస్తే నడుం నొప్పని పంపేసింది. పాప చేతులు చాపి ఏడుస్తుంటే కొంగు నోట్లో కుక్కుకుంది...

సూర్యకళ దుర్గ వైపు మూతి తిప్పింది. "ఆశమ్మకి గవర్మెంటు సీర వొచ్చినకాడి నుంచీ ఇరుగూపొరుగూ కంటికి ఆనట్లేదు."

కానీ ఇప్పుడు ఎత్తుకోకపోతే సరిపోతుందా? ఇన్నాళ్లూ ఎత్తుకుంది కదా!

బోటు దిగి ఇంటికొచ్చిన మొగుడు దాలయ్య సంగతి విని వలల మీద కూలబడ్డాడు. ఉద్యోగం ఎక్కువా, కన్నతల్లి ఎక్కువా అని నిలదీశాడు.

"రేపు ఆ పక్కింటి పసిగుంటకి ఏటైనా అయితే, దాన్ని పూడ్సడానికి నువ్వెల్తావేటి?" అంది దుర్గ.

దాలయ్య చొక్కా తగిలించుకుని బయటికి పోయాడు. మగాళ్లకి ఆ దారొకటుంది.

పాప ఒళ్లు కాలుతోందని సూర్యకళ వచ్చి చెప్పిన పొద్దున ఇక దుర్గ ఆగలేకపోయింది. తలుపు మూసి, ఆమె చేతులు పట్టుకుని పేరు చెప్పేసింది. ఇద్దరూ పిల్లనెత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. అది జలుబు జ్వరమే. పాపకి టీబీ లేదు. అయినా ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టారు. ఎవరికీ చెప్పనని సూర్యకళ బిడ్డ మీద ఒట్టేసింది. సాయంత్రానికి కుళాయి దగ్గర ఆ ఒట్టు చచ్చిపోయింది.

మర్నాడు తవిటమ్మ మూతికి గుడ్డ కట్టుకుని ఎప్పట్లాగే కంచరపాలెం వీధులకి చేపల గంప ఎత్తుకెళ్లింది. ఆమెకన్నా ముందే మాట చేరిపోయింది. మధ్యాహ్నం తిరిగొచ్చింది. గంప దించబోయిన కోడలి చెయ్యి తోసేసి తానే దించుకుంది. చేపలు సర్దినవి సర్దినట్టే ఉన్నాయి.

"నువ్వే సెప్పినావా?"

"నానే సెప్పినాను అత్తా."

తవిటమ్మ చేపల మీద ఈగలు తోలింది.

"గుంటకి మందేసినారా?"

"ఏసినారు. ఉమ్మేసింది. మల్లీ ఏసినారు."

"జబ్బు నేదు గదా?"

"నేదు."

తవిటమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరికే దగ్గొచ్చింది.

"మంచిపని సేసినావు. ఇంక నాతో మాటాడకు."

అంతే! రోజూ పొద్దున్నే దుర్గ మాత్రలు పట్టుకుని నిలబడుతుంది. తవిటమ్మ ఆమె మొహం చూడదు, అరచెయ్యి చాపుతుంది. మింగేశానని చూపించడానికి నోరు తెరుస్తుంది. ఆ తెరిచిన నోట్లోంచి కోడలా అన్న ఒక్క మాట వస్తుందేమోనని దుర్గ కాసేపు నిలబడే ఉంటుంది... తర్వాత, పాపకి మందు వేళయిందని పక్కింటికి పోతుంది.