తోటలో నొక్కితే తొట్టిలో పడింది

మహిత ట్రాక్టర్ ట్రైలర్ మీదికెక్కి, అమ్మ ఫోన్‌ను తల మీదికి ఎత్తి పట్టుకుంది. ఒకసారి కుడివైపు తిప్పింది. ఒకసారి ఎడమవైపు తిప్పింది.

మామిడిచెట్టు కింద మంచం మీద కూర్చున్న మునివెంకటప్ప తాత అది చూసి నవ్వాడు.

"ఏం పాపా, తోటకు దిష్టి తీస్తా ఉండావా?"

"సిగ్నల్ కోసం తాతా! మా స్కూల్లో చేపలకు మేత వెయ్యాల."

"చేపలుండేది చంద్రగిరిలో. నువ్వుండేది బంగారుపాళ్యంలో. ఈడనుంచి ఎట్లా వేస్తావు?"

"అదే కదా గొప్ప! ఈ బటన్ నొక్కితే చాలు, ఆడ మేత పడిపోతాది."

మామ కొడుకు మోహన కూడా ట్రైలర్ ఎక్కాడు. "ఏదీ, వెయ్యి సూద్దాం" అన్నాడు.

మహిత బటన్ నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరగసాగింది. 'కనెక్ట్ అవుతోంది' అని వచ్చింది. చక్రం తిరుగుతూనే ఉంది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే చక్రం.

మోహన ఆవలించాడు. "మీ చేపలకు ఈపొద్దు ఒక్కపొద్దే!"

మహితకు రోషం వచ్చింది. గబగబా నొక్కింది. ఇంకా నొక్కింది. వేలు నొప్పి పుట్టేదాకా నొక్కింది. ఫోన్ ఉలకలేదు, పలకలేదు. ఇంతలో అవ్వ అన్నానికి పిలవడంతో ఫోన్ అమ్మ చేతికి ఇచ్చేసి కిందికి దూకింది.

మహిత చదివేది ఆరో తరగతి. వాళ్ళ స్కూల్లో సైన్స్ గది బయట పెద్ద గాజు తొట్టి ఉంది. అందులో నల్ల చేపలు, ఎర్ర చేపలు, ఒక బొద్దు చేప ఉన్నాయి. ఆ బొద్దుదానికి పిల్లలు 'లడ్డు' అని పేరు పెట్టారు. వాటికి రోజూ మేత వేసేది మహిత క్లాసులోనే చదివే కోమలి. స్కూలు వెనక సందులోనే వాళ్ళ ఇల్లు. ఆదివారం కూడా వచ్చి వేసిపోయేది.

పోయిన నెల ఒక పాత విద్యార్థి స్కూలుకు కొత్త యంత్రం ఇచ్చాడు. తొట్టిలో లైటు, గాలి, మేత అన్నీ ఫోన్‌తోనే నడపవచ్చు. సైన్స్ టీచర్ ప్రసన్నకుమారి మిస్ ఫోన్‌లో యాప్ పెడుతుంటే మహిత పక్కనే ఉండి సాయం చేసింది. అందుకని మిస్ మహిత వాళ్ళ అమ్మ ఫోన్‌లో కూడా యాప్ పెట్టించి, "నువ్వూ చూసుకుంటా ఉండు" అన్నారు.

స్కూల్లో నెట్ అంతంతమాత్రం. లెక్కల పీరియడ్‌లో లైటు బటన్ నొక్కితే సోషల్ పీరియడ్‌లో వెలిగేది. అయినా మహితకు ఆ యాప్ అంటే ఎంతో గర్వం.

ముందురోజు శనివారం స్కూలు వదిలాక కోమలి వచ్చి అడిగింది. "రేపు నేనొచ్చి మేత వేసిపోయేదా?"

"నువ్వెందుకు? ఇప్పుడు చేపలు ఫోన్‌లోనే తింటాయి!" అంది మహిత.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. మహిత కూడా నవ్వింది. కోమలి బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

యాప్‌లో టైము పెట్టేస్తే మేత దానంతట అదే పడుతుంది. అలాగే చేయమని మిస్ చెప్పారు కూడా. కానీ అట్లా చేస్తే మోహనకు చూపించడానికి ఏముంటుంది? అందుకే మహిత టైము పెట్టలేదు.

ఆదివారం సాయంత్రం అమ్మతో కలిసి బస్సులో తిరుగు ప్రయాణమైంది. బస్సు చిత్తూరు దాటగానే అమ్మ సంచిలో ఫోన్ 'టింగ్' అంది.

'మేత వేయడం పూర్తయింది.'

"అమ్మా, పడింది!" అని మహిత చప్పట్లు కొట్టింది.

టింగ్. 'మేత వేయడం పూర్తయింది.'

టింగ్. టింగ్. టింగ్.

ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. మహిత ముఖంలో నవ్వు పోయింది.

"అమ్మా, నేను తోటలో నొక్కినవన్నీ ఇప్పుడు పోతా ఉండాయి!"

"ఎన్నిసార్లు నొక్కినావే?"

"తెలీదమ్మా. శానాసార్లు నొక్కినా."

ఆపేద్దామని యాప్ తెరిచింది. మళ్ళీ చక్రం తిరిగింది. 'కనెక్ట్ అవుతోంది.'

"కోమలి వాళ్ళ ఇల్లు ఆడే కదా? వాళ్ళమ్మకు ఫోన్ చెయ్" అంది అమ్మ.

మహిత తల దించుకుంది. నిన్న నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఏ ముఖం పెట్టుకుని అడగాలి? ఫోన్ మళ్ళీ టింగ్ మంది. ఇక ఆగలేక నంబర్ నొక్కింది. ఎత్తింది కోమలే.

"కోమలీ, నేను... తొట్టిలో మేత శానా పడిపోతా ఉండాది. నా వల్లనే. ఒకసారి పోయి సూస్తావా?"



"మునస్వామన్నను పిలుచుకోని పోతా. నువ్వు ఫోన్ పెట్టేయద్దు" అంది కోమలి. మునస్వామి అంటే స్కూలు వాచ్‌మన్.

పరుగెత్తే చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత గేటు కిర్రుమంది. ఆ తర్వాత కోమలి కేక.

"అయ్యో! నీళ్ళు కలిగంజిలాగా చిక్కగా అయిపోయినాయి. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరస్తా ఉండాయి. మేత డబ్బా ఇంకా తిరగతానే ఉండాది!"

"దాని ప్లగ్గు పీకెయ్! గాలిది పీకద్దు, మేతది!"

"ఏది మేతది?"

"ఎర్ర వైరు!"

"ఆ... పీకేసినా. ఆగింది."

మహిత గట్టిగా ఊపిరి వదిలింది. అమ్మ వెంటనే మిస్‌కు ఫోన్ చేసి విషయం చెప్పింది.

చంద్రగిరిలో బస్సు దిగగానే తల్లీకూతుళ్ళు నేరుగా స్కూలుకు పరుగెత్తారు. కోమలి అప్పటికే మోచేతుల దాకా తడిసి ఉంది. చిన్న వలతో తేలుతున్న మేతను తీసి బకెట్‌లో వేస్తోంది. మునస్వామి పట్టుకున్న ఫోన్‌లోంచి మిస్ చెబుతున్నారు.

"నీళ్ళన్నీ ఒకేసారి మార్చకండి, చేపలు తట్టుకోలేవు. కొంచెం తీసి, డ్రమ్ములో పట్టిపెట్టిన నీళ్ళు కొంచెం పోయండి. గాలి పంపు ఆపకండి."

మహిత మగ్గుతో మురికి నీళ్ళు తోడింది. కోమలి మంచి నీళ్ళు మెల్లగా పోసింది. మునస్వామి బకెట్లు మోశాడు. అందరి బట్టలూ తడిసిపోయాయి.

చేపలు ఒక్కొక్కటిగా కిందికి దిగి ఈదసాగాయి. లడ్డు మాత్రం మూలన కదలకుండా ఉంది.

"కోమలీ, అది..." మహిత దానివైపు వేలు చూపించింది.

ఇద్దరూ గాజు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"నిన్న నేను అట్లా అని నవ్వింది తప్పు" అంది మహిత మెల్లగా.

"ఊ. ఇంటికి పోయి ఏడ్చినా" అంది కోమలి.

మహిత కోమలి చెయ్యి పట్టుకుంది. కోమలి విడిపించుకోలేదు.

అప్పుడు లడ్డు తోక ఒకసారి ఆడింది. మరోసారి ఆడింది. మెల్లగా పైకి లేచి, వలకు దొరకకుండా మిగిలిన మేత ముక్కను గుటుక్కున మింగింది.

"ఇంత జరిగినా దీనికి ఆకలి తీరలే!" అంది కోమలి. ఇద్దరూ పగలబడి నవ్వారు. మునస్వామి కూడా బకెట్ కింద పెట్టి నవ్వాడు.

సోమవారం క్లాసులో మిస్ అడగకముందే మహిత లేచి నిలబడి జరిగింది చెప్పింది.

"సిగ్నల్ లేకపోతే బటన్ పని చేయదని అనుకున్నా మిస్."

"నువ్వు నొక్కినవన్నీ ఫోన్‌లోనే ఆగిపోయాయి" అన్నారు మిస్. "కొండమీద దర్శనానికి కంపార్ట్‌మెంట్లో జనం కూర్చుంటారు కదా, తలుపు తీయగానే ఏమవుతుంది?"

"అందరూ ఒకేసారి తోసుకొస్తారు మిస్!" అని అరిచాడు సుకుమార్.

"నీ మేత కూడా అట్లే వచ్చింది మహితా."

క్లాసంతా నవ్వింది. ఈసారి మహిత తనను చూసి తానే నవ్వుకుంది.

ఆ సాయంత్రం మహిత మిస్ ఫోన్ తీసుకుని, యాప్‌లో లైటు, గాలి సరిగా ఉన్నాయో లేదో చూసింది. తర్వాత ఫోన్ మిస్‌కు ఇచ్చేసి కోమలి దగ్గరికి వెళ్ళింది.

"మేత ఎంత వెయ్యాలో నాకు నేర్పిస్తావా?"

కోమలి డబ్బా మూత తీసి, రెండు వేళ్ళతో చిటికెడు తీసి మహిత అరచేతిలో పెట్టింది. మహిత దాన్ని నీళ్ళ మీద కొంచెం కొంచెంగా చల్లింది. చేపలన్నీ పరుగున వచ్చాయి.

"ఇంకా వెయ్! ఇంకా వెయ్!" అని వెనక నుంచి సుకుమార్ గోల చేశాడు.

మహిత డబ్బా మూత బిగించింది.

"గమ్మునుండప్పా. ముందు ఇవి తిన్నాయో లేదో సూద్దాం" అంటూ కోమలి పక్కన కూర్చుని గాజుకు ముక్కు ఆనించింది.