బుట్టలో చొక్కా

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. చెరువు కాపలా చేసొచ్చి నడవలో చాప మీద కునుకు తీస్తున్న వరదానం. వసారాలో గుర్రపుడెక్క కాడల్ని జడలా అల్లుతున్న అతని అక్క యేసమ్మ. వంటింటి గుమ్మంలో, లోపలికీ వెళ్ళక బయటికీ రాక నిలబడిన అతని కూతురు పెర్సిస్. నాలుగో మనిషి ఇంటి మనిషి కాదు. తాడేపల్లిగూడెంలో రైలెక్కి ఏలూరులో దిగి, అక్కణ్ణించి బస్సూ ఆటో పట్టుకుని కొల్లేటికోట దాకా వచ్చిన ఏసుకుమార్.

వీళ్ళు కాక పన్నెండు బుట్టలు. గొడవంతా వాటి గురించే.

"ఫొటోలు పింటరెస్ట్ యాప్‌లో పెట్టి రెండు నెలలైందండి. ఒక్కరు కొనలేదు," అంది పెర్సిస్ నేలకేసి చూస్తూ.

పెర్సిస్‌కి ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయింది. కొత్తవాళ్ళ ముందు నోరు విప్పదు. అలాంటిది ఏసుకుమార్‌తో పరిచయం మాత్రం తగువుతోనే మొదలైంది.

మొన్న ఎండాకాలంలో ఏలూరులో పొదుపు సంఘాల ఆడవాళ్ళకి మూడ్రోజుల క్లాసు పెట్టారు. చేసిన సరుకు ఇంటర్నెట్‌లో ఎలా చూపించాలో చెప్పడానికి వచ్చిన కుర్రాడు ఇతను. మొదటిరోజే పెర్సిస్ ఆ యాప్‌లో పెట్టిన ఫొటోలు, వాటినే పిన్‌లంటారు, తెర మీద వేశాడు.

"ఇవెవరివండీ? 'యేసమ్మ బుట్ట ఒకటి', 'యేసమ్మ బుట్ట రెండు'... బెంగుళూరులో కూర్చున్నావిడ ఫోన్ తీసి 'యేసమ్మ బుట్ట' అని వెతుకుతుందంటారా?"

క్లాసంతా నవ్వింది. పెర్సిస్ ఊళ్ళో ఏ బుట్టనైనా అల్లిన మనిషి పేరుతోనే పిలుస్తారు. ఆ సంగతి చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. రెండు రోజులు అతని వైపు చూడలేదు. మూడోరోజు ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"మీ పేరు కొడితే మీరొస్తారాండీ?"

అతను తన పేరు కొట్టి చూశాడు. నలుగురు పాస్టర్లూ ఒక క్రికెట్ ఆటగాడూ వచ్చారు. అతను రాలేదు. ఈసారి క్లాసు అతన్ని చూసి నవ్వింది. అందరికన్నా ఎక్కువ అతనే నవ్వాడు.

ఆ తర్వాత సందేహాలన్నీ ఫోన్‌లో తీరేవే. అయినా అతను పనిగట్టుకుని రెండుసార్లు కొల్లేటికోట వచ్చాడు. ఇది మూడోసారి. వచ్చిన ప్రతిసారీ పెర్సిస్ కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోంది.

"పేర్లు మార్చానండి. మీరు చెప్పినట్టే," అంటూ ఫోన్ అందించింది.

అతను ఒక్కో ఫొటో చూశాడు. కనుబొమలు పైకి లేచాయి.

"ఈ బుట్టలో ఏంటండీ?"

"ఎండు చేపలండి."

"దీన్లో?"

"ఎండు రొయ్యలు."

"ఈ పెద్దదాన్లో?"

"అవి పచ్చి చేపలండి. ఆ రోజు నాన్న తెచ్చారు."

"ఎందుకండీ?"

జవాబు యేసమ్మ చెప్పింది. "ఖాళీ బుట్ట పైవాళ్ళకి చూపిస్తారా బాబూ? మా ఇళ్ళల్లో ఎవరికన్నా బుట్ట ఇస్తే గుప్పెడు ఏదో ఒకటి వేసే ఇస్తాం. ఉత్తది చూపిస్తే ఇంట్లో ఏం లేదనుకోరూ?"

ఏసుకుమార్ పగలబడి నవ్వాడు. నడవలో వరదానం ఉలిక్కిపడి అటు తిరిగి పడుకున్నాడు.

"అదండీ సంగతి! ఈ యాప్ పేరొక్కటే చదవదండి, బొమ్మని కూడా చూస్తుంది. చేప కనిపిస్తే చేపల పులుసు వెతికేవాళ్ళ ముందు పెడుతుంది. వాళ్ళొచ్చి చూసి, పులుసేదీ అనుకుని వెళ్ళిపోతారు."

పెర్సిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అందుకేనా, ఒకావిడ 'రెసిపీ ప్లీజ్' అని రాసింది!"

"మీరేమన్నారు?"

"అల్లడం నేర్పుతానని రాశానండి."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఎటు చూడాలో తెలియక ఇద్దరూ బుట్టల్ని చూశారు.

"ఖాళీవి ఫొటో తీయక్కర్లేదు లెండి," అన్నాడు యేసమ్మతో. "కొనేవాళ్ళు వాళ్ళింట్లో ఏం పెట్టుకుంటారో అది పెట్టండి. ఉతికిన బట్టలు, పూలకుండీ, పిల్లల బొమ్మలు." పెర్సిస్ వైపు తిరిగాడు. "ఈ వెతికే గడిలో రెండు మాటలు కొట్టండి. మిగతావి అదే చూపిస్తుంది. కిందకి వచ్చేవన్నీ జనం మనసులో మాటలేనండి. వాటినే పేరులో పెట్టండి, వివరంలో రాయండి."

ఆమె కొట్టింది. చిన్న గదికి బుట్ట, బట్టలకి మూత ఉన్న బుట్ట, చేత్తో అల్లిన బుట్ట... ఎక్కడెక్కడివాళ్ళో కోరుకునేవన్నీ వరసగా కిందకి దిగాయి. మనుషులకి కూడా ఇలాంటి గడి ఒకటుంటే బావుణ్ణని ఆమెకనిపించింది. ఎదురుగా ఉన్న మనిషి విషయంలో రెండు మాటలు కొడితే చాలు, మిగతాది తెలిసిపోయేది.

అప్పుడే యేసమ్మ అడిగింది. "సంబంధాలేమన్నా చూస్తున్నారా బాబూ?"

"ఆయ్, చూస్తున్నారండి. భీమడోలులో ఒకమ్మాయి ఉందంట. ఆగస్టు ఆఖరి ఆదివారం చర్చి అయ్యాక వెళ్దామంది అమ్మ."

"ఏం చదివిందంట?"

"నాకు తెలీదండి. అమ్మకి తెలుసు."

పెర్సిస్ వేలు తెర మీద అలాగే ఆగిపోయింది. "ఈ పిన్‌లు పైకి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"నెల, నెలన్నర. ఓపిక పట్టాలండి."

"ఆగస్టు ఆఖరికి వస్తాయా?"

"ఏం, అంత తొందరా?"

"ఆయ్... కాదండి."

ఇంట్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఫొటోలు ఎక్కవు. బుట్టల్లో బట్టలూ బొమ్మలూ పెట్టి తీసిన కొత్త ఫొటోలు ఎక్కించడానికి అతను చెరువు గట్టు మీదకి వెళ్ళేసరికి కొల్లేటి మీంచి వాన తెరలా వచ్చేసింది. పెర్సిస్ గొడుగు తీసుకుని పరిగెత్తింది. ఉన్నది ఒకటే గొడుగు. దగ్గరగా నడవడానికి ఇద్దరికీ మొహమాటం. గొడుగు ఇద్దరి మధ్యలో ఎవరి మీదా లేకుండా ఇంటికొచ్చింది. వాళ్ళిద్దరూ ముద్దగా తడిసి వచ్చారు.

వరదానం తన చొక్కా ఇచ్చాడు. అందులో ఇంకో ఏసుకుమార్ కూడా పడతాడు.

"నవ్వకండి."

"నవ్వట్లేదండి."

"పళ్ళు కనిపిస్తున్నాయి."

నాలుగింటి బస్సుకి అతను ఆ చొక్కాతోనే వెళ్ళిపోయాడు. అతని నీలం గళ్ళ చొక్కా దండెం మీద ఉండిపోయింది. బొత్తాలన్నీ తెల్లవి, మూడోది మాత్రం గోధుమరంగుది.

చొక్కా ఒక్కరోజులో ఆరింది. పెర్సిస్ దాన్ని మూడు రోజులు దండెం మీదే ఉంచింది. తర్వాత ఇస్త్రీ చేసి, మడత పెట్టి, యేసమ్మ అల్లిన మూత బుట్టలో ఉంచి, కిటికీ పక్కన వెలుతుర్లో పెట్టి చూసుకుంది. చూసుకోవడానికే అనుకుంటూ ఫొటో తీసింది.

దాచుకోవడానికని యాప్‌లో విడిగా ఒక బోర్డు, అంటే ఫొటోలు పెట్టుకునే పేజీ, తయారుచేసింది. అత్త కంట పడినా పని అనుకోవాలని, పేరు మాత్రం అతను నేర్పినట్టే పెట్టింది: బట్టలు పెట్టుకునే మూత బుట్ట, చేత్తో అల్లినది, చిన్న గదికి. ఇంకెవరికీ కనిపించకుండా బోర్డుకి తాళం గుర్తు నొక్కేవేళకి గట్టు మీద సిగ్నల్ పోయింది. తాళం పడిందనే అనుకుని, మళ్ళీ ఆ బోర్డు తెరిచి చూడలేదు.

ఇక ఆ పిల్లకి కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున లేస్తే గట్టు, అన్నం పొయ్యి మీద పెడితే గట్టు, మధ్యాహ్నం ఎండలో గట్టు. మిగిలిన పిన్‌లు ఇరవై, ముప్పై మంది చూశారు. క్యాలెండర్‌లో మాత్రం వారాలు జారిపోతున్నాయి.

"ఏమే, ఆ గట్టు అరిగిపోద్ది," అనేది యేసమ్మ.

"సిగ్నల్ కోసం అత్తా."

"ఎవరి సిగ్నలో!"

ఆగస్టులో అతను రాలేదు. ఎన్ని వ్యూస్ అండీ అని మెసేజ్ పెట్టేవాడు. ఇరవై రెండండి అని జవాబిచ్చేది. ఎప్పుడొస్తారు అని రాసి, చెరిపి, సరేనండి అని పంపేది. భీమడోలు అమ్మాయి మంచిదేమో అనుకునేది. మంచిది కాకపోతే బావుణ్ణు అనుకుని, ఆ పాపానికి వెంటనే ప్రార్థన చేసుకునేది. రేపు తప్పకుండా చెప్పేస్తానని రోజూ అనుకునేది.

ఆ ఆదివారానికి నాలుగు రోజులుందనగా గట్టు మీద ఫోన్ మోగింది.

"పెర్సిస్ గారూ! నలభై వేలమంది చూశారండి! బెంగుళూరులో ఒక షాపువాళ్ళు ముప్పై బుట్టలు కావాలని ఫొటో కింద రాశారు, చూడలేదా?"

"ఏ పిన్ అండీ?"

"మూత బుట్ట. కిటికీ పక్కన. లోపల మడత పెట్టిన..." అతని గొంతు తగ్గిపోయింది. "నీలం గళ్ళ చొక్కా."

ఆమె కళ్ళ ముందు కొల్లేరు గిర్రున తిరిగింది.

"అమ్మ గుర్తుపట్టిందండి," అన్నాడతను.

పెర్సిస్ ఫోన్ కట్ చేసి, ఇంటికి పరిగెత్తి, దాన్ని బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టింది. ఇంట్లో ఎప్పుడూ సరిగా ఉండని సిగ్నల్ ఆ రోజు డబ్బాలోకి కూడా వచ్చింది.

"బియ్యం పాడుతున్నాయేంటే?" అంది యేసమ్మ.

తీసేద్దామనుకుంది. కానీ ఆ ముప్పై బుట్టలు సంఘంలో పదిమంది ఆడవాళ్ళ పని. పిన్ తీసేస్తే ఆ షాపువాళ్ళు మళ్ళీ దొరకరేమో. ఉంచితే గంటగంటకీ ఇంకో వందమంది ఆ చొక్కాని తమ బోర్డుల్లో దాచుకుంటున్నారు. మూడు రోజులు ఆమెకి నిద్ర లేదు. అతని ఫోన్ ఎత్తలేదు.

శనివారం పదకొండింటికి ఇంటి ముందు ఆటో ఆగింది. ముందు దిగింది ఏసుకుమార్. వెనక గొడుగు, చేతిసంచి, కళ్ళజోడుతో ఒక పెద్దావిడ. అతని తల్లి సిల్వియా టీచరు. పెర్సిస్ కిటికీలోంచి చూసి తలుపు చాటుకి వెళ్ళిపోయింది.

"నువ్విక్కడే అరుగు మీద కూర్చో," అని గొడుగు కొడుకు చేతికిచ్చి ఆవిడ లోపలికొచ్చింది. "వందనాలమ్మా. నేను గూడెం నుంచి వస్తున్నాను."

"వందనాలండి, కూర్చోండి," అంది యేసమ్మ కుర్చీ తుడుస్తూ. వరదానం లేచి పంచె సర్దుకున్నాడు.

"మీ బుట్టలు బావున్నాయండి. మావాడు గొప్పగా ఫోన్ తెచ్చి నాకు చూపించాడు. వాడు వ్యూస్ చూశాడు, నేను బొత్తం చూశాను. ఆ బొత్తం నేను కుట్టింది."

యేసమ్మ మేనకోడలి వైపు చురుగ్గా చూసింది. పెర్సిస్ గోడకి అతుక్కుపోయింది.

"వానకి తడిస్తే మా తమ్ముడి చొక్కా ఇచ్చి పంపామండి. అంతకుమించి మా పిల్ల..."

"ఆ చొక్కా సంగతికే వస్తున్నాను. దాన్ని వీడు ఉతికించి, ఇస్త్రీ చేయించి, బీరువాలో తన బట్టల మీద పెట్టుకున్నాడు. పట్టుకెళ్ళి ఇచ్చెయ్యరా అంటే, ఇస్తాలే అంటాడు. నెలన్నరైంది." ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. "ముప్పయ్యేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పానండి. నోటితో చెప్పనివాడి మనసు కూడా చూస్తే తెలుస్తుంది. రేపు భీమడోలు వెళ్ళాలి. వెళ్దామా అంటే, నీ ఇష్టం అంటాడు. ఆ ఇంట్లో కూడా ఒక ఆడపిల్ల ముస్తాబై కూర్చుంటుంది. మనసిక్కడా మనిషక్కడా పెట్టుకుని ఆ పిల్లని చూడ్డం నాకిష్టం లేదు. అందుకని అడగడానికొచ్చాను."

"ఎవర్నండీ?" అన్నాడు వరదానం.

"మీ అమ్మాయిని."

నడవలో అందరూ ఇటు తిరిగారు. పెర్సిస్‌కి పారిపోవడానికి వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఏలూరు క్లాసులో కూడా ఇంత భయం వేయలేదు. ఈ ఒక్క మాట ఇప్పుడు రాకపోతే రేపు ఈపాటికి అతను భీమడోలులో కాఫీ తాగుతుంటాడు.

"చెప్పమ్మా. రేపు మేం వెళ్ళాలా?"

"వెళ్ళొద్దండి," అంది పెర్సిస్.

చిన్నగా అనాలనుకుంది. వీధిలోకి వినపడేంత గట్టిగా వచ్చింది. బయట అరుగు మీంచి ఏదో కిందపడిన చప్పుడైంది.

వరదానం అక్క మొహం చూశాడు. యేసమ్మ పెదవి బిగించింది గానీ కళ్ళలో నవ్వు దాగలేదు. తల్లి లేని పిల్లని పదేళ్ళప్పటి నుంచీ పెంచిన మనిషి. అడిగిందానికి జవాబు చెప్పడానికే ఆ పిల్ల ఎంత అవస్థ పడుతుందో ఆమెకి తెలుసు.

"నాకెందుకమ్మా చెప్తావు," అంది సిల్వియా టీచరు నవ్వుతూ. "వెళ్ళేది వాడు. బయటున్నాడు."

"అత్తా..." అంది పెర్సిస్ ఏడుపు గొంతుతో.

"నడువ్."

యేసమ్మ భుజం పట్టి గుమ్మం దాకా తీసుకొచ్చింది. పెర్సిస్ ఒక కాలు బయట పెట్టింది. అరుగు మీద ఏసుకుమార్ కిందపడ్డ గొడుగు చేత్తో పట్టుకుని, దాన్నెక్కడ పెట్టాలో తెలియక నిలబడున్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఆ మాట... నాక్కూడా ఒకసారి చెప్తారాండీ?" అన్నాడు.

ఆమె రెండో కాలు బయటపెట్టింది. వెంటనే ధైర్యం చాలక గిరుక్కున వెనక్కి తిరిగింది.

"చెప్పొచ్చాకే లోపలికి," అంటూ యేసమ్మ ఆమె మొహం మీదే తలుపు వేసి గడియ పెట్టేసింది.