బురదలో అసలు కోటు

లియేజ్‌లో పాత యుద్ధ సామాను అమ్మే సంత. శుక్రవారం పొద్దున కోట్ల వరసలో ఒక శవం వేలాడుతోంది. ఒంటికి జర్మన్ సైనికుడి కోటు తొడిగి, కాలరు పట్టి ఇనప కొక్కేనికి తగిలించి పోయారు.

ఎవరూ చూడలేదని కాదు. ముగ్గురు కొనుగోలుదార్లు శవం చెయ్యెత్తి, కోటు లోపలి ముద్ర ఏ సంవత్సరానిదో చదువుకున్నారు. నాలుగోవాడు ధర అడిగాడు. చలికి బిగుసుకుపోయిన చెయ్యి ఎవడికీ చెయ్యిలా అనిపించలేదు. కోటు నకిలీదని తేలాకే నలుగురూ మొహాలు ముడుచుకుని పోయారు.

చచ్చినవాడు ఫెర్నాన్ గూసెన్స్. బెల్జియం గూఢచారి శాఖకు కబుర్లు చేరవేసే మనిషి.

"బతికుండగా వీణ్ణి ఎవడూ ఇంత శ్రద్ధగా చూళ్ళేదు," అన్నాడు ఏజెంట్ గాస్పార్ లెనార్.

గాస్పార్‌కి ఈ పాత యూనిఫారాలు పోగుచేసే మందంటే ఒళ్ళు మంట. అతనిది జర్మనీ సరిహద్దులోని అయుపెన్ వైపు. యుద్ధంలో జర్మనీ ఆ ఊళ్ళను మింగేసి, వాళ్ళ తాతకి బలవంతాన ఆ కోటు తొడిగి రష్యాకి తోలింది. తాత తిరిగొచ్చి, గుమ్మం దాటకుండానే పశువుల పాక ముందు దాన్ని తగలబెట్టాడు. తాత తగలబెట్టిన గుడ్డని ఇప్పుడు దంత వైద్యులూ భూముల దళారులూ అద్దాల బీరువాల్లో పెట్టుకుని, తెల్లటి చేతి తొడుగులతో నిమురుతున్నారు. అడిగితే "చరిత్ర" అంటారు. చరిత్రట! పిల్లి మూతికంటిన పొలుసుని చేప చరిత్ర అన్నట్టు.

శాఖ పై అధికారి మేడమ్ కోల్సన్ కారులోనే విషయం చెప్పింది.

"ఆపరేషన్ పేరు చిమ్మెట. గూసెన్స్ చివరి కబురు రెండే ముక్కలు. రేపు ఉత్తుత్తి కాల్పుల మధ్య అసలు తూటా పేలుతుంది. పేల్చేవాడు జర్మన్ వేషంలో ఉంటాడు."

"ఎవరి మీద?"

"జడ్జి ఒడిల్ సెర్వే."

గాస్పార్ ఈల వేశాడు. విదేశీ ఆయుధాల ముఠా ఒకదాని మెడకు ఆవిడ ఉచ్చు బిగిస్తోంది. సోమవారం వారెంట్ల మీద సంతకం పెట్టాలి. రేపేమో ఆర్డెన్స్ కొండల్లోని ఓ పల్లెలో యుద్ధానికి అరవయ్యేళ్ళ పండగ. పండగంటే, ఎనభై మంది పెద్ద మగాళ్ళు జర్మన్ సైనికుల వేషాలేసుకుని బురదలో దొర్లడం. అక్కడి గోడ దగ్గరే జడ్జి తండ్రిని నిలబెట్టి కాల్చారు. ఆవిడ అప్పటికి తల్లి కడుపులో ఉంది. ఏటా వచ్చి ఆ గోడ దగ్గర పూలు పెడుతుంది.

"రావద్దని చెప్పండి."

"చెప్పాను. 'ఆ గుడ్డలకు భయపడి మా నాన్న దగ్గరికి మానుకుంటానా' అంది."

"పోనీ, ఆట ఆపించండి."

"మంత్రిగారి ఆఫీసు ఒప్పుకోలేదు. హోటళ్ళన్నీ నిండిపోయాయట. ఎనభై మందిని బట్టలిప్పి వెతికితే టూరిజం పాడవుతుందట."

"మనిషి పోతే మటుకు పాడవదు కాబోలు!"

మర్నాడు ఆ ఊరి సారాయి కొట్లో ఇజలీన్ మార్షో కనిపించింది. యూరప్ మొత్తంలో పాత యూనిఫారాలు అమ్మడంలో ఆవిడదే పై చెయ్యి. నక్కతోలు కోటు, ఎర్రటి పెదాలు, చేతిలో పెకె అనే నాటుసారా గ్లాసు. ఐదేళ్ళుగా శాఖకు కూడా కబుర్లు అమ్ముతోంది.

"చిమ్మెట పట్టిందా?" గాస్పార్ సంకేతం.

"ఉన్నిని తప్ప ముట్టదు," అని నవ్వింది. "కూర్చో గాస్పార్. నీ హంతకుడు ఈ ఆటకి కొత్తవాడు. చవక నకిలీ కోటు కొనుక్కున్నాడు. నల్ల టార్చి ఉందిగా? వేసి చూడు. ఏ కుట్టు మెరిస్తే వాడే."

ఆ టార్చి అతినీలలోహిత కాంతిది. చీకట్లో వేస్తే, ఇప్పటి నైలాన్ దారం పాలలా మెరుస్తుంది. యుద్ధకాలం నాటి నూలు, ఉన్ని మెరవవు. పాత సామాను సేకరించే ప్రతివాడి జేబులోనూ ఇది ఉంటుంది, పెళ్ళాం ఫోటో ఉన్నా లేకపోయినా.

వేషగాళ్ళందరినీ ఒక గడ్డివామి కొట్టంలోకి చేర్చారు. వాళ్ళ నాయకుడు కల్నల్ రిక్సన్. కల్నలంటే ఏ సైన్యంలోనో కాదు. మామూలు రోజుల్లో బాత్రూం టైల్స్ అమ్ముతాడు. తుపాకులు పోలీసులు చూశారు, అన్నిట్లోనూ ఉత్తుత్తి తూటాలే. అసలుది ఏ జేబులోనో, ఏ బూటులోనో ఉంది. రిక్సన్ మటుకు బొత్తాలు తనిఖీ చేస్తున్నాడు. ఒకడి బూటు లేసు గోధుమ రంగులో ఉందని ఇంటికి పంపి, నల్లది కట్టుకు రమ్మన్నాడు.

గాస్పార్ కొనుగోలుదారు వేషంలో ఉన్నాడు, కళ్ళద్దాలు, అతికించిన మీసం. "మీ దళంలో అన్నీ అసలు కోట్లేనటగా, కల్నల్ గారూ?"

"టిక్కెట్టు మీదే అచ్చేయించాం సార్! నకిలీ అన్న మాట మా దగ్గర బూతు."

గాస్పార్‌కి బీరువాల్లో దాచుకునేవాళ్ళు తెలుసుగానీ, బురదలో ఆడేవాళ్ళు కొత్త. నమ్మాడు. తలుపు మూయించి టార్చి వేశాడు. హారతికి ఎగబడ్డ భక్తుల్లా ఎనభై మందీ రొమ్ము విరుచుకుని నిలబడ్డారు.

కొట్టం మొత్తం మెరిసింది. ముగ్గు పిండి చల్లినట్టు ప్రతి కాలరూ, ప్రతి జేబూ, ప్రతి భుజమూ. అందరికంటే దేదీప్యమానంగా వెలిగింది కల్నల్ రిక్సన్.

"సబ్బు సార్," అన్నాడు రిక్సన్ నీళ్ళు నములుతూ. "మా ఆవిడ ఉతికింది."

"ఎనభై మంది ఆవిళ్ళూ ఉతికారా?"

చివర్న ఒక్కడు మటుకు బొగ్గులా నల్లగా నిలబడ్డాడు. దారప్పోగు కూడా మెరవలేదు. ఒంటి మీంచి కలరా ఉండల వాసన కొట్టింది. వీడొక్కడే నిజమైనవాడనుకుని గాస్పార్ దాటిపోయాడు. నకిలీ కోటు వెతికితే నకిలీలే దొరికాయి. ఇక ఎవణ్ణని పట్టుకోవడం?

బయట బూరా ఊదారు. వేషగాళ్ళు మైదానంలోకి పరిగెత్తారు. వాగుకి ఇవతల, గోడ దగ్గరికి, జడ్జి సెర్వే పూలగుచ్ఛంతో ఒంటరిగా నడుస్తోంది. ఉత్తుత్తి తుపాకులు పటపటలాడాయి. జనం చప్పట్లు కొట్టారు.

గాస్పార్ పక్కన రిక్సన్ రేడియో చేత్తో పట్టుకుని, ఏడుపు మొహంతో గొణుగుతున్నాడు. "చివరివాడిది అసలుది సార్. నలభై రెండు నాటిది. అలాంటిది వేసుకుని బురదలోకి పోతాడా! కన్నతల్లిని ఈడ్చుకుపోయినట్టుంది. మనవాడెవడైనా చేసే పనేనా ఇది?"

గాస్పార్ చటుక్కున అతనివైపు తిరిగాడు.

మనవాడెవడూ చెయ్యడు. వీళ్ళలో ఎవడికి అసలు కోటు దొరికినా బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. దాన్ని బురదకి తెచ్చాడంటే, వాడికి కోట్ల పిచ్చి లేదు. వాడొచ్చిన పని వేరు. ఇజలీన్ ముఠాకి అమ్ముడుపోయి తనని తలకిందుల దారి పట్టించింది.

"కల్నల్, వాడెక్కడ?"

"అదిగో, రాళ్ళ గట్టు వెనక. బోర్లా పడుకున్నాడు, పాపిష్టివాడు!"

జనం అడ్డం, పొగ అడ్డం. ఇక్కణ్ణుంచి తుపాకీ పేలిస్తే ఎవడికి తగులుతుందో. గట్టు వైపున్న పది మంది వేషగాళ్ళ చెవుల్లోనూ రిక్సన్ రేడియో ఉంది. హంతకుడు అని అరిస్తే ఆ పది మందీ పారిపోతారని గాస్పార్‌కి బాగా తెలుసు. రేడియో లాక్కుని అరిచాడు.

"గట్టు వెనక ఒరిజినల్ కోటు! కాలరు చిరిగిపోతోంది! కాపాడండి!"

పది మంది వీరులు లేచారు. స్టాలిన్‌గ్రాడ్‌లో కూడా ఎవడూ అలా పరిగెత్తి ఉండడు.

గట్టు వెనకవాడు గురి చూశాడు. జడ్జి పూలు పెట్టడానికి వంగింది. వేలు బిగిసింది.

"లేవరా వెధవా! ఆ బురదలోంచి లేవరా!" అంటూ లావుపాటి మనిషొకడు వాడి కాలరు పట్టి పైకి గుంజాడు.

తూటా చర్చి శిఖరం మీద గాలివాటం చూపే ఇనప కోడిపుంజుకి తగిలింది. పుంజు గిర్రున తిరిగింది. రెండో తూటా ఎక్కించేలోపు గాస్పార్ వాగు దాటి, వాడి మెడ మీద మోకాలు వేశాడు. పది మందీ చుట్టూ మూగారు. ఎవడూ జడ్జి వైపు చూడలేదు.

"చంక దగ్గర కుట్టు ఊడింది," అని ఒకడు ఏడ్చినంత పని చేశాడు.

జడ్జి సెర్వే పూలగుచ్ఛం సరిచేసి, నెమ్మదిగా నిలబడింది. "సోమవారం తొమ్మిదింటికి నా గదికి రా నాయనా," అంది గాస్పార్‌తో. "సంతకాలకి సాక్షి కావాలి."

ఇజలీన్ సారాయి కొట్లోనే దొరికింది. చేతులు ముందుకు చాపి, బేడీలు వేయించుకుంది.

"ఒక్క మాట చెప్పు," అన్నాడు గాస్పార్. "వాడికి ఒక చవక నకిలీ కోటు ఇచ్చుంటే, ఎనభై మందిలో కలిసిపోయేవాడు. మాకు జన్మలో దొరికేవాడు కాదు."

ఆవిడ కళ్ళలోకి నిజంగానే కోపం వచ్చింది. "నకిలీ సరుకు అమ్మడానికి నేనేం దొంగననుకున్నావా?"

ఆ కోటు ఇప్పుడు శాఖ సాక్ష్యాల గదిలో ఉంది. కలరా ఉండలు వేశారా లేదా అని రిక్సన్ వారం వారం ఫోన్ చేస్తాడు. వేశామని గాస్పార్ చెబుతాడు. ఒక చిమ్మెట ఇప్పటికే ఎడమ చెయ్యి పూర్తిచేసి, కాలరు మొదలుపెట్టింది.