ఒక్కసారీ ఎర్రబడని టెస్టు

మధ్యాహ్నం 2:40కి స్ఫాక్స్ నగరంలోని ఆసుపత్రిలో నర్సు మబ్రూకా, నొప్పి తగ్గించే మార్ఫిన్ పంపు బటన్ నొక్కింది. 3:25కల్లా పడక మీది తుహామి ప్రాణం పోయింది. కెర్కెన్నా దీవిలో ఆక్టోపస్‌లు పట్టుకుని బతికిన ముసలాయన.

పంపులో రెండు డోసులు ఖాళీ.

"ఒకసారి నొక్కాను. తెర మీద ఏమీ కదల్లేదు. మళ్లీ నొక్కాను," అంది మబ్రూకా. "వెంటనే నొక్కితే రెండోది పనిచెయ్యదనే మాకు నేర్పారండీ."

ఇన్‌స్పెక్టర్ లస్సాద్ రాసుకున్నాడు. జాలి కలగలేదు. భార్య పోయిన ఈ రెండేళ్లలో అతనికి ఏదీ కలగడం లేదు. పంపుదే తప్పని తేలకపోతే ఈమె జైలుకెళ్తుంది, అంతే.

5:10కి స్ఫాక్స్‌లోనే ఉన్న పంపు కంపెనీకి వెళ్లాడు. ప్రోగ్రాము రాసిన ఇంజనీరు మోయెజ్ కాఫీ తెప్పించాడు.

"రెండో నొక్కు ఆగాలి కదా?"

"ఆగుతుంది సార్. కోడు రెండో నొక్కును ఆపుతుందో లేదో చూసే టెస్టుంది. మా దగ్గర ముందు టెస్టు, తర్వాతే కోడు. తప్పయితే ఎరుపు, సరిగ్గా ఉంటే ఆకుపచ్చ. చూడండి, పచ్చగా ఉంది. ఆవిడే ఏదో కెలికుంటుంది."

"ముందే రాశారా?"

"కోడు ఒక్క లైను కూడా లేనప్పుడే."

"టెస్టు నడిపిన ప్రతిసారీ రికార్డవుతుందా?"

"అవుతుంది."

"ప్రింటు తీయండి."

నాలుగు పేజీలు. చివరిదాకా చదివి, లస్సాద్ మళ్లీ మొదటి లైనుకొచ్చాడు.

"అక్టోబరు 9, ఉదయం 11:52. మొట్టమొదటిసారి. ఆకుపచ్చ."

"అవును."

"కోడే లేనప్పుడు దేన్ని చూసి పాసయింది?"

మోయెజ్ ప్రింటు తన వైపు తిప్పుకుని ఆ లైను చూశాడు.

"రెండో నొక్కును ఆపే కోడు ఇప్పుడు తీసెయ్యండి. టెస్టు నడపండి."

"లస్సాద్ సార్, అదీ..."

"తీసెయ్యండి."

నాలుగు లైన్లు పోయాయి. 5:58. ఇప్పుడు ఎర్రబడాలి.

ఆకుపచ్చ.

"అప్పుడు డెలివరీకి రెండే రోజులున్నాయి," అన్నాడు మోయెజ్, తల వంచుకుని. "కోడు ముందే రాసేశా. టెస్టు తర్వాత... పచ్చగా కనబడితే చాలనుకున్నా."

"ఒక్కసారైనా ఎర్రబడడం చూశారా?"

"లేదు."

6:40కి స్టేషన్‌లో మబ్రూకాకు చెప్పాడు. కోడు తిరిగి పెట్టి అసలు పంపు మీద నొక్కి చూస్తే రెండో డోసూ వెళ్లింది; తప్పు పంపుది. ఇంటికెళ్లొచ్చు.

ఆమె లేవలేదు. "నొక్కింది నా వేలే కదండీ."

రెండేళ్ల కిందట, భార్య పోయిన ప్రమాదంలో, కారు స్టీరింగు మీద ఉన్నవి లస్సాద్ చేతులే. తప్పు లేదని విచారణలో తేల్చేశారు.

ఇంటికెళ్లమని అతను మళ్లీ అనలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.