గట్టు చేరని బాణీ

నూకరాజు తొమ్మిదో పడకకి అలల జోరు కాస్త తగ్గించాడు. పడక మీది ముసలామె నాడి వెంటనే మెత్తబడింది. తెర మీద ఆమె పడవ మళ్ళీ నిదానంగా కదిలింది. ఆటలో తెడ్డు వేస్తున్న చేతులు ఇరవయ్యేళ్ళ పిల్లవి. ఇక్కడ దుప్పటి మీద ఉన్నవి ఎండిపోయిన మట్టల్లా ఉన్నాయి.

పొద్దుటి పని ఇంతే. హాలు మధ్యలో ఓ గాజుగది, అందులో ఓ కుర్చీ, ఎదురుగా నాడిపలక. ఎవరి గుండె ఉలిక్కిపడితే వాళ్ళ గుర్తు ఎర్రబడుతుంది. బాణీకాపరిగా నూకరాజు ఆ పడకకి పాట వేగం ఒక్క పిసరు తగ్గించాలి, ఎరుపు పోవాలి. మందులు ఖర్చు, మనుషులు ఇంకా ఖర్చు. పాటొక్కటే చవక. అందుకే ఒళ్ళు అరిగిపోయేదాకా పని చేసినవాళ్ళని తీసుకొచ్చి, తలకి పట్టీ చుట్టి, 'ఆవలిగట్టు' అనే ఆటలోకి దించి ఇక్కడ పడుకోబెడతారు. దీనికి నిమ్మళాలయం అని పేరు. ఆటలో తలా ఒక పడవ ఇస్తారు. ఎదురుగా కనిపిస్తున్న గట్టు దాకా తెడ్డు వేసుకుంటూ పోవడమే ఆట. గట్టు ఎప్పటికీ దగ్గరకి రాదు. రాదన్న సంగతి లోపలున్నవాళ్ళకి తెలియదు.

తెలియనివ్వనిది బాణీయే. మూడు మెట్లు ఎక్కుతుంది, ఇక దిగుతుందన్నట్టు వంగుతుంది, వంగి మళ్ళీ ఎక్కుతుంది. దిగితే పాట అయిపోయిందని మనిషికి తోస్తుంది. అయిపోయిందని తోస్తే లేవాలనిపిస్తుంది. లేస్తే నొప్పి కాచుకుని ఉంటుంది. ఇదంతా ఎవడో పెద్ద చదువులు చదివినవాడే కనిపెట్టి ఉంటాడు. పెళ్ళిళ్ళలో క్లారినెట్ ఊది బతికిన నూకరాజుకి మాత్రం ఆ బాణీ వింటే పెదాలు దురద పెట్టేవి. అది వంగిన ప్రతిసారీ కిందికి దించేద్దామని గుండెల్లో ఊపిరి బిగబట్టేవాడు. దించడానికి లేదు. రోజంతా ఆ ఊపిరి లోపలే ఉండిపోయేది.

ఐదో పడక మీద అతని అన్న గంగులున్నాడు.

ఇద్దరూ వాయించిన సామర్లకోట మేళంలో గంగులుది సైడ్ డ్రమ్ము. ఎప్పుడో టపాకాయ పేలి ఒక చెవి పోయింది. ఊరేగింపు విడిదింటి గుమ్మం ముందు ఆగాక మేళం దిగుబాణీ వాయించాలి. అది వాయించందే జనం వీధిలోంచి కదలరు, మేళగాళ్ళు తలపాగాలు తియ్యరు. దిగుబాణీ ముగిసి అందరూ ఒక్క దెబ్బతో ఆపేస్తే, సరిగ్గా వినపడని గంగులు ఇంకో దెబ్బ వేసేవాడు. ప్రతి పెళ్ళిలోనూ అంతే. మేళమంతా పగలబడి నవ్వేది. "ఒరే గంగులూ, పెళ్ళికూతురు లోపలికెల్లిపోయిందిరా, ఇంకా ఎవుళ్ళకి కొడతన్నావు?" అని మేళం మాస్టారు తిట్టేవాడు. "ఎనకొచ్చేవోళ్ళకండీ" అనేవాడు గంగులు, పుల్లలు చంకలో పెట్టుకుంటూ.

తర్వాత పెళ్ళిళ్ళలోకి గాలిబాణీ వచ్చింది. పందిట్లో ఎవరి ఒంటికి తగ్గ పాట వాళ్ళ చెవిలోనే మోగుతుంటే మేళంతో ఎవరికి పని? గంగులు రాతిపొడి మిల్లుకి పోయాడు. మిల్లు అతని ఊపిరితిత్తుల్ని తినేసి, మిగిలిన మనిషిని ఇక్కడికి పంపింది.

తలుపు తీసుకుని హైమవతి వచ్చింది. ఈ హాలు బాధ్యత ఆ అమ్మాయిది. కోపం తెచ్చుకోవడానికి కూడా వీలివ్వని మంచి పిల్ల.

"నూకరాజు గారూ, ఐదో పడకకి నెమ్మదింపు ఉత్తర్వు వచ్చిందండీ. ఈ సాయంత్రానికి."

నూకరాజు పలక మీద నుంచి కళ్ళు తిప్పలేదు. నెమ్మదింపు అంటే బాణీ వేగాన్ని ఆ ఒక్క పడకకి తగ్గించుకుంటూ పోవడం. నాడి దాని వెనకే నడుస్తుంది. బాణీ ఎక్కడ ఆగితే అక్కడ తనూ ఆగిపోతుంది.

"నేనే చెయ్యాలాండి?"

"ఈ పూట పని మీదే కదండీ. కావాలంటే వేరేవాళ్ళని అడుగుతాను."

"ఒద్దులెండి. పరాయోళ్ళ చేత్తో ఎందుకు."

"ఆయనకి ఏమీ తెలియదండీ. హాయిగా పడవలో ఉంటారు."

"ఆయ్. హాయికేం లోటండి ఇక్కడ" అన్నాడు.

హైమవతి తల వంచుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం గంగులు కూతురు కనకం వచ్చింది. కబురు అందగానే కొబ్బరిపీచు కార్ఖానా నుంచి తిన్నగా వచ్చినట్టుంది, జుట్టులో ఇంకా పీచు ఉంది. తండ్రి పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలిచింది. దింపుడుకళ్ళం దగ్గర పిలిచినట్టే పిలిచింది. తెర మీద ఎర్ర తలగుడ్డ కట్టుకున్న గంగులు చక్కగా తెడ్డు వేసుకుంటూ పోతున్నాడు.

"బాబాయ్, చేర్పించింది నేనే కదా" అంది కనకం, గాజుగది గుమ్మంలో నిలబడి. "పడుకో నాన్నా, సాయంత్రానికల్లా వచ్చేత్తానని చెప్పేను. మూడేళ్ళయిందా? ఆయనకింకా ఆ రోజే నడత్తా ఉంది. నేను రాలేదనే అనుకుంటా పోతాడు."

"ఏం అనుకోడే. అనుకోనివ్వదు ఇది."

"అదే నేను చెప్పేది. నా మీద కోపం కూడా లేకుండా పోతాడు. ఒక్కసారి నా మొకం చూత్తే చాలు బాబాయ్."

"చూడాలంటే లేవాలి. లేత్తే నొప్పి."

"ఎంత?"

"పీల్చిన ప్రతి గాలికీ."

కనకం జుట్టులోంచి పీచు ఒక్కొక్కటే లాగి పారేసింది. తర్వాత, "మా నాన్నకి నొప్పి కొత్తేటి బాబాయ్?" అంది.

నూకరాజు ఫోను తీశాడు. మేళం ఆఖరిసారి వాయించిన ఊరేగింపు, దిగుబాణీతో సహా, అందులో ఉంది. ఎన్ని ఫోన్లు మారినా దాన్ని మాత్రం మోసుకొస్తూనే ఉన్నాడు. ఎప్పుడూ వినలేదు. వింటే మర్నాడు పనికి రాలేనని భయం.

హాల్లో వేగం పడకకో తీరుగా మార్చుకోవచ్చు గానీ బాణీ మాత్రం అందరికీ ఒక్కటే. దాన్ని మారిస్తే గంగులొక్కడికే మారదు. అందరి పడవల్లోనూ మేళం మోగుతుంది, అందరికీ పాట అయిపోతుంది. నూకరాజు పడకల వైపు చూశాడు. వీళ్ళని ఎవరైనా అడిగారా? పడుకునేటప్పుడూ అడగలేదు, లేపేటప్పుడూ తను అడగడం లేదు. ఆ సంగతి ముల్లులా గుచ్చుకుంది. అయినా చెయ్యి ఆగలేదు.

పాట లోపలికి పోవాలంటే ముందు శుద్ధిజల్లెడలో పడాలి. జల్లెడ తన పని తను చేసుకుపోయింది. జనరేటర్ మోత తీసేసింది. టపాకాయలు, కుర్రాళ్ళ ఈలలు, ఎవరో ఎవర్నో తిట్టిన తిట్టు తీసేసింది. చివర్లో ఒకచోట ఆగి ఎర్రగీత పెట్టింది. పాట ముగిశాక ఒంటరిగా పడిన చప్పుడు, దోషం. దాన్ని కూడా కోసి పారేసింది.

గంగులు దెబ్బ.

నూకరాజు వెనక్కి పెట్టబోయాడు. జల్లెడ ఒప్పుకోలేదు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ కోసింది. "నీ దుంప తెగ, ఉన్న ఒక్కటీ అదేనే" అని దాన్ని తిట్టాడు. సాయంత్రం దగ్గర పడుతోంది. చేసేదేమీ లేక, ఉన్నదున్నట్టే లోపలికి వదిలాడు.

క్లారినెట్టు తనదే. వెనక బాకాలు, పెద్ద డ్రమ్ము, వాటి మధ్య పరుగులు పెడుతున్న సైడ్ డ్రమ్ము. నాడిపలక మీద గుర్తులు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. తెర మీద పడవలు అటూ ఇటూ ఊగాయి. కనకం తండ్రి మంచం పట్టుకుని నిలబడింది.

మేళం మూడు మెట్లు ఎక్కింది, వంగింది. బిగబట్టి ఉన్న ఊపిరిని నూకరాజు వదిలేశాడు.

బాణీ దిగింది. అందరూ ఒక్క దెబ్బతో ఆపేశారు.

హాలు కట్టాక అందులో నిశ్శబ్దం పడటం అదే మొదలు. పడవల్లో అందరూ తెడ్లు వదిలేశారు. గట్టు చేరితే ఏం జరగాలో ఆటకి తెలియదు, ఆ ఏర్పాటు ఎవరూ చెయ్యలేదు. నీళ్ళు గోడమీద బొమ్మలో నీళ్ళలా నిలిచిపోయాయి.

ఐదో పడక దగ్గర ఇనప కమ్మీ మీద టక్కుమని ఒక్క చప్పుడైంది.

గంగులు చూపుడువేలు. కొట్టి, అక్కడే ఆగి ఉంది.

నూకరాజు గాజుగదిలోంచి పరుగెత్తాడు. "ఒరే గంగులూ" అన్నాడు, అన్నని ఎప్పుడూ ఒరే అననివాడు, "పెళ్ళికూతురు లోపలికెల్లిపోయిందిరా. ఇంకా ఎవుళ్ళకి కొడతన్నావు?"

గంగులు కళ్ళు తెరిచాడు. గాలి పీల్చాడు, మొహం వంకర్లు పోయింది. మళ్ళీ పీల్చాడు.

"ఎనకొచ్చే... వోళ్ళకి."

చూపు తమ్ముడి మీద నుంచి పక్కకి జరిగి కూతురి మీద నిలిచింది.

"సాయంత్రమైందేటే, కనకం?"

"అయింది నాన్నా. వచ్చేసేను."

గంగులు తల ఊపాడు. కూతురి చెయ్యి పట్టుకుని ఊపిరి కోసం పెనుగులాడుతూనే ఉన్నాడు. ఆ పట్టు సడలి ఊపిరి ఆగేదాకా కనకం ఏడవలేదు.

అప్పటికే హాలంతా మూలుగులు లేచాయి. ఎవరో నీళ్ళడిగారు. ఎవరో ఎవర్నో పేరు పెట్టి పిలిచారు. హైమవతి పరుగెత్తుకొచ్చి గాజుగదిలోకి దూరింది. "ఏం చేశారండీ? అందరికీ నొప్పులు మొదలవుతాయి! పాత బాణీ పెట్టెయ్యండి!"

"మేళం అయిపోయిందండీ" అన్నాడు నూకరాజు, అన్న మంచం దగ్గర నుంచి కదలకుండా. "ఇంక నా చేత్తో పెట్టను. మీరు పెడితే మీ ఇష్టం."

హైమవతి పాత బాణీ మీట మీద చెయ్యి వేసింది.

తొమ్మిదో పడక మీది ముసలామె తల పట్టీ లాగేసుకుని లేచి కూర్చుంది. నడుం పట్టుకుని మూలిగింది. కాళ్ళు కిందకి వేలాడేసి పాదాలతో నేల వెతుక్కుంది. ఆ హాల్లోంచి ఇంతవరకూ ఎవరూ నడిచి వెళ్ళలేదు.

"గట్టుకి వచ్చేసేం కదమ్మా" అంది హైమవతి వైపు చూసి. "నా చెప్పులేవీ?"

హైమవతి చెయ్యి మీట మీదే ఉండిపోయింది.