ఇద్దరు పట్టే టెంటు

మేము పోవాలనుకున్న లోయ పేరు ఇక్కడ రాయను. ఉత్తరాఖండ్‌లో ఉంటుంది, వానాకాలంలో పూలు పూస్తాయి, పైకి పోతే ఎండాకాలంలో కూడా మంచు కరగని చోట్లుంటాయి. అంతవరకు చాలు. ఆ పేరు పలకడం మా ఇంట్లో మానేశాం.

మొదట పలికింది నా భర్త ఉపేందర్. దిల్‌సుఖ్‌నగర్‌లో మా మామగారు పెట్టిన చీరల దుకాణం చూసుకుంటాడు. నేను చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెబుతాను. ఇద్దరి కుటుంబాలూ పోచంపల్లి పక్క ఊళ్ల నుంచి వచ్చినవే. పెళ్లయ్యాక పిల్లల కోసం ఏళ్లకేళ్లు దవాఖానల చుట్టూ తిరిగాం. ఆఖరుసారి కూడా గర్భం నిలవలేదని తెలిసిన రోజు మెట్రోలో ఇంటికొస్తున్నాం. కిటికీలోంచి బయటకు చూస్తూ అన్నాడు.

"ఇగ సూదులొద్దు అరుణా. ఎటన్న పోదాం. నడుసుకుంట పోయే జాగ."

"ఎంత దూరం?"

"మనిద్దరమే ఉండేంత దూరం."

ఆ రోజు నుంచి మా హాల్లో నేలమీద మ్యాపు పరిచే ఉండేది. ఏ రోజు ఎక్కడిదాకా నడవాలి, ఎక్కడ పడుకోవాలి, ఏ వాగు ఎక్కడ దాటాలి అని వేలితో గీస్తూ కూర్చునేవాడు. దుకాణం నుంచి రాగానే భుజానికి బ్యాగు తగిలించుకుని, అందులో చీరల కట్టలు కుక్కి, ఎల్బీ నగర్‌లో మా అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కి దిగేవాడు. కొత్త బూట్లు అలవాటు కావాలని ఇద్దరం సరూర్‌నగర్ చెరువు కట్ట మీద నడిచేవాళ్లం. ఎదురింటి వెంకాయమ్మ గారు మా వాలకం చూసి నవ్వేవారు. "తీర్థయాత్రలకి ముసలాళ్లం మేం పోవాలి గానీ, మీకెందుకమ్మా ఈ కొండలు?" అనేవారు. ఆవిడది గుంటూరు వైపు. కొడుకు గౌతమ్‌తో ఉంటారు.

ఉపేందర్ ఎన్నడూ మంచు చూసినవాడు కాదు. "మంచు మీద అడుగేస్తే సప్పుడు ఎట్ల ఉంటదో" అని చిన్నపిల్లాడిలా అడిగేవాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను.

ఒక శనివారం సాయంత్రం మబ్బు పట్టింది. కిరాయికి తెచ్చిన టెంటు అప్పటికి ఇంట్లో మూలన పడి ఉంది. ఇద్దరు పట్టేది. ఉపేందర్ దాన్ని చంకలో పెట్టుకుని డాబా మీదికి పరుగెత్తాడు.

"దా అరుణా. నీళ్లు లోపటికొస్తయా లేదా ఇయ్యాలనే తెలుస్తది."

డాబా మీద నీళ్ల ట్యాంకుల మధ్య టెంటు వేశాం. మేకులు దిగవు కాబట్టి తాళ్లను ట్యాంకు పైపులకు, ఇటుకలకు కట్టాడు. లోపల దూరి జిప్పు లాక్కున్నామో లేదో వాన అందుకుంది. టెంటు గుడ్డ మీద చినుకులు బియ్యం పోసినట్టు మోగుతున్నాయి. కింద సందులో మిర్చి బజ్జీల వాసన, తడిసిన సిమెంటు వాసన. దూరంగా మెట్రో రైలు మలుపు తిరుగుతున్న కీచు శబ్దం. ఇద్దరం మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే తలలు తగులుతున్నాయి. నవ్వుకున్నాం. ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు.

ఇంతలో గాలి లేచింది. ఒక పక్క తాడు ఊడి గుడ్డ టపటపా కొట్టుకోసాగింది.

"నువ్వు కూసో. నేను కట్టొస్త" అని టార్చి తీసుకుని బయటకు పోయాడు. జిప్పు సగం దించి ఉంచాడు. ఆ సందులోంచి టార్చి వెలుగు ట్యాంకు వైపు పోవడం చూశాను.

అప్పుడే కాలనీ అంతా కరెంటు పోయింది.

చీకటి. టార్చి వెలుగు కూడా కనబడలేదు. పిలుద్దామనుకునేలోపు జిప్పు పూర్తిగా తెరుచుకుంది. వంగి లోపలికి వచ్చాడు. వెనక్కి తిరిగి జిప్పు వేశాడు. వేసి అక్కడే, దానికి అడ్డంగా కూర్చున్నాడు.

"కట్టినవా?"

"ఊఁ."

"టార్చేది?"

తలుపు దగ్గరే కూర్చున్నాడేంటి, ఇటు జరగొచ్చు కదా అనుకున్నాను. భుజం నా చేతికి తగిలింది. వెచ్చగా ఉంది. పొడిగా ఉంది. అంత వానలోంచి వచ్చినవాడి చొక్కా పొడిగా ఎలా ఉంటుందన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

కాసేపటికి వాన చప్పుడు తగ్గింది. మెల్లగా, ఎవరో దుప్పటి కప్పుతున్నట్టు తగ్గి... ఆగిపోయింది. తెరిపిచ్చిందనుకుని పైకి చెయ్యి పెట్టాను. టెంటు కప్పు కిందికి వంగి ఉంది. పైన ఏదో బరువు. మెత్తటి బరువు. వేలితో పొడిస్తే జారి పక్కకు పడింది, శబ్దం లేకుండా.

చలి మొదలైంది. మా చలికాలపు చలి కాదు. ఫ్రిజ్ పైఅర తలుపు తీసి మొహం లోపల పెడితే వచ్చే చలి, ఆ వాసన. దానితో పాటు తడి రాయి వాసన, ఎక్కడో ఎవరో కాలుస్తున్న తెలియని కట్టె వాసన. పళ్లు కొట్టుకోసాగాయి. అప్పుడు గమనించాను. బజ్జీల బండి దగ్గర మాటలు లేవు. ఆటోల హారన్లు లేవు. మెట్రో లేదు. ఎల్బీ నగర్ చౌరస్తాకి ఇంత దగ్గరలో ఉండి, ఒక్క చప్పుడు లేదు.

"ఇది ఏంది..." అన్నాను.

"సప్పుడు చెయ్యకు" అన్నాడు.

బయట అడుగులు.

ఉప్పు రాశి మీద నడిచినట్టు... కరకర... ఆగి... మళ్లీ కరకర. టెంటు చుట్టూ తిరుగుతున్నాయి. ఒకచోట తడబడ్డాయి. గుడ్డ మీద ఏదో ఆనింది. నా తల పక్కనే.

"అరుణా."

అది ఉపేందర్ గొంతు.

నాకు అర్థం కాలేదు. పక్కకు తిరిగాను. చీకట్లో ఆయన ఆకారం అక్కడే ఉంది. తలుపుకు అడ్డంగా.

"అరుణా... జిప్పు దొరుకుతలేదు. చేతులాడుతలేవు. లోపటి నుంచి తియ్యి."

నోరు తెరిచాను. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి నా నోరు మూసింది. చెవి దగ్గర గుసగుస.

"పలకకు. అది నేను కాదు."

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఆ క్షణంలో ఆ వెచ్చదనమే నాకు ధైర్యం. మనిషి పక్కన ఉన్నాడు, బయటిది ఏదో దెయ్యం, అంతే. కళ్లు మూసుకుని ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను.

బయట వేళ్లు గుడ్డను గీరుతున్నాయి. పట్టు దొరకని వేళ్లు.

"తియ్యి అరుణా... ఇంత చలి ఏందే... ఏం కనవడతలేదు. మెట్లు లేవు. ట్యాంకు లేదు. అంత తెల్లగ ఉంది..."

గొంతు వణికింది. మళ్లీ పిలిచింది. ఆ తర్వాత కాసేపు ఏమీ లేదు. బయట ఉన్నది ఊపిరి బిగబట్టి వింటోందని తెలుస్తోంది. మేము వింటున్నట్టే.

"అరుణా..." ఈసారి మెల్లగా. "లోపట ఎవరున్నరు నీతోని?"

నోటిమీద చెయ్యి కొంచెం బిగిసింది.

నేను జిప్పు తియ్యలేదు.

ఆ గొంతు ఇంకా చాలాసేపు బతిమాలింది. మాటలు ముద్దయ్యాయి. ఆఖరికి నా పేరు కూడా పలకలేక "అమ్మా... అమ్మా" అని ఏడ్చింది. నాకు బాగా తెలిసిన ఏడుపు అది. దవాఖాన నుంచి వచ్చిన ఆ రోజు రాత్రి బాత్రూంలో నల్లా విప్పి ఏడ్చిన ఏడుపు. ఒక్కసారి నా చెయ్యి దానంతట అది జిప్పు వైపు పోయింది. మెత్తగా, ప్రేమగా, దాన్ని వెనక్కి తీసి నా ఒడిలో పెట్టారు.

ఆ ఏడుపు కూడా ఆగింది.

ఒక్కసారిగా వాన మోత. నెత్తిమీద కుండపోత. మెట్రో కూత, ఎవరిదో ఇన్వర్టర్ కీచుమంటున్న చప్పుడు, కింద ఎవరో నవ్వుతున్నారు. కరెంటు వచ్చింది. టెంటు గుడ్డలోంచి వీధి దీపం వెలుగు పసుప్పచ్చగా దిగింది.

"నువ్వు ఇక్కడనే ఉండు. నేను జూసొస్త" అన్నాడు. నావైపు తిరగలేదు. జిప్పు తీసి వంగి బయటకు పోయాడు.

నేను ఉండలేకపోయాను. వెంటనే పాక్కుంటూ తల బయట పెట్టాను. డాబా మీద వాన తప్ప ఏమీ లేదు. టెంటు పక్కనే, గోడవారగా, ఉపేందర్ బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి జిప్పు వైపు చాపి ఉంది. పట్టుకుంటే కొవ్వొత్తిలా తెల్లగా, గట్టిగా ఉంది.

జారి పడ్డాడనుకున్నాను. ఇప్పుడే బయటకు వచ్చాడు కదా, తడికి జారాడు అనుకున్నాను. అరిస్తే గౌతమ్ పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం కిందికి దింపి, అతని కారులో మలక్‌పేటలో ఒక దవాఖానకు తీసుకుపోయాం.

డాక్టరు చేతులు చూశాడు. మళ్లీ చూశాడు.

"ఎప్పుడొచ్చారు మీరు?"

"ఇప్పుడే సార్."

"హాస్పిటల్‌కి కాదమ్మా. కొండల నుంచి. ఇది మంచులో గంటల తరబడి ఉన్నవాళ్లకు వచ్చేది. ఎక్కడికి పోయారు?"

"ఎక్కడికీ పోలేదు సార్. మాది ఎల్బీ నగర్."

ఆయన నన్ను నమ్మలేదు. ఐస్ ఫ్యాక్టరీలో పని చేస్తాడా అని గౌతమ్‌ను పక్కకు పిలిచి అడిగాడట. రెండు రోజుల్లో వేళ్లు నల్లబడ్డాయి. కుడిచేతివి మూడు తీసేశారు.

ఉపేందర్ మాట్లాడలేదు. కళ్లు తెరిచి సీలింగు చూసేవాడు. నేను రైలు టికెట్లు రద్దు చేశాను. లోయలో మాకోసం ఎదురుచూస్తున్న గైడుకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. ముద్ద కలిపి నోట్లో పెడితే తినేవాడు. నా మొహం మాత్రం చూసేవాడు కాదు. దెబ్బ తిన్న మనిషి, కోలుకుంటాడు అని సర్దిచెప్పుకున్నాను.

రేపు ఇంటికి పంపిస్తామన్న రోజు పొద్దున, ఇడ్లీ తినిపిస్తుంటే నోరు తిప్పుకున్నాడు.

"ఎందుకు తియ్యలే?" అన్నాడు.

"ఏంది?"

"జిప్పు. నిన్ను పిలుసుకుంట గంతగనం ఒర్లిన. ఎందుకు తియ్యలే అరుణా?"

నా చేతిలో ఇడ్లీ ముక్క అట్లాగే ఉండిపోయింది.

"నువ్వే కద వద్దన్నవ్. నా పక్కన కూసుని... నా నోరు మూసి..."

మొదటిసారి నా వైపు తిరిగాడు. కళ్లలో కోపం లేదు. భయం ఉంది.

"నేనెప్పుడు కూసున్న? తాడు కట్టి ఎనకకు మర్రిన. డాబా లేదు, ఏం లేదు... అంత మంచు. టెంటొక్కటే ఉంది. లోపట నీ ఊపిరి ఇనవడ్డది." కట్టు కట్టిన చెయ్యి దుప్పట్లోకి లాక్కున్నాడు. "ఇంకొకరిది గూడ ఇనవడ్డది."

ఆ మాట తర్వాత అక్కడ కూర్చోలేకపోయాను. ఇంటికి తీసుకుపోవడానికి బట్టలు తేవాలని చెప్పి లేచాను. చేతిని అదేపనిగా చీర కొంగుకు తుడుచుకుంటున్నానని మెట్రోలో పక్కన కూర్చున్నామె చూసేదాకా నాకే తెలియలేదు. ఆ చీకట్లో నేను పట్టుకున్న చెయ్యి ఎవరిది? నా చేతిని తీసి ఒడిలో పెట్టింది ఎవరు?

మిట్టమధ్యాహ్నం. ఎండ కాస్తోంది. మా అంతస్తులో వెంకాయమ్మ గారు గుమ్మం ముందు కూర్చుని గోంగూర ఒలుస్తున్నారు. నన్ను చూసి తెల్లబోయారు.

"అదేంటమ్మాయ్, నువ్వింకా ఇక్కడే ఉన్నావా?"

"ఎక్కడుంటానండీ?"

"మొన్న పొద్దున్న మీ ఆయన వెళ్లాడుగా. వీపుకి అంత బ్యాగు తగిలించుకుని, బూట్లేసుకుని. చేతులు ఎలా ఉన్నాయి బాబూ అంటే, రెండూ చాపి చూపించాడు. వేళ్లన్నీ బాగానే ఉన్నాయి. గౌతమ్ గాడు ఊరికే హడలగొట్టాడు నన్ను, అనుకున్నా."

"ఏమన్న చెప్పిండా?"

"రైలుకి టైమయిందన్నాడు. అరుణ వెనకాల వస్తుందండీ, తోవ తనకి తెలుసు అన్నాడు. ఏమ్మా, అలా అయిపోయావేంటి?"

మా తలుపు దగ్గరకు పోయాను. ఇంటికి తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా సంచిలోనే ఉంది. తీశాను.

ఇల్లంతా తుడిచినట్టు శుభ్రంగా ఉంది. ఉపేందర్ బ్యాగు లేదు. గుమ్మానికి ఎదురుగా, గోడకు ఆనించి, నా బ్యాగు నిలబెట్టి ఉంది. నిండుగా సర్ది, పట్టీలు నా భుజాలకు సరిపోయేలా బిగించి. పక్క జేబులో నీళ్ల బాటిల్ ఉంది. దుకాణంలో చీరలు కొన్నవాళ్లకు కానుకగా పంచే మామూలు స్టీలు బాటిల్, ఫ్లాస్కు కాదు.

ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. చీర కొంగుతో పట్టుకుని మూత తిప్పాను.

లోపల అల్లం చాయ్. ఇంకా పొగలు కక్కుతోంది.