గొడుగు పిడికి నీలం దారం

...అయినా అమ్మ గొడుగు రంగు మరిచిపోతే ఏమైంది, రంగు గుర్తున్నవాళ్లంతా ఏం ఉద్ధరించారు గనక, అనుకుంటూ ఆమె సంచిలో చెయ్యి పెట్టి తాళంచెవిని మళ్లీ తడిమింది. అమ్మ ఇంటి తాళంచెవి. పట్టుకుని పట్టుకుని ఆ ఇనుము ఒంటివేడికి వెచ్చబడింది. మనిషి వేలులా తగులుతోంది.

"మేడం, మిమ్మల్నే. గురువుగారు రెండుసార్లు అడిగారు," అన్నాడు సహాయకుడు.

బల్ల అవతల డిటెక్టివ్ కళ్లు సగం మూసుకుని కూర్చున్నాడు. ఆయన నిద్రపోతున్నాడనుకున్నవాళ్లు తర్వాత చాలా బాధపడ్డారని సహాయకుడు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు.

"మా సంస్థలో ముసలివాళ్ల జ్ఞాపకశక్తికి ఓ పరీక్ష తయారుచేశామండీ," అందామె. "పరీక్షించేది నేనే. ఓ చిన్న కథ చెబుతాను. అరగంట బయట కూర్చోబెట్టి, మళ్లీ చెప్పమంటాను. ఒకామె వానలో బస్సెక్కుతుంది. ఎర్ర గొడుగు బస్సులో మరిచిపోతుంది. కండక్టరు దాన్ని డిపోలో అప్పగిస్తాడు. మర్నాడు వెళ్లి తెచ్చుకుంటుంది. ఎరుపుకి ఓ మార్కు, డిపోకి ఓ మార్కు, అలాగన్నమాట."

"ఎన్ని మార్కులొస్తే బాగున్నట్టో ఎలా తేలుస్తారు?"

"ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లని పిలిచి చూస్తాం. చదువుకున్నవాళ్లనే పిలిస్తే లెక్క తప్పుతుంది కదండీ. అందుకని మగ్గం నేసినవాళ్లు, రేవులో మూటలు మోసినవాళ్లు, కొండమీది వాళ్లు, చూపు లేనివాళ్లు, అందరినీ రప్పించాం. మామూలు మనిషికి ఎంత గుర్తుంటుందో చూసి దాని కింద గీత గీశాం. గీత దాటనివాళ్లని ఒంటరిగా వదలకూడదు."

"మీ అమ్మగారు దాటలేదు."

ఆమె ఉలిక్కిపడింది. తాను ఆ మాట చెప్పలేదు. సహాయకుడు గర్వంగా నవ్వుకున్నాడు.

"అన్నయ్య పరీక్ష చెయ్యమన్నాడు. చేశాను. సంతకం పెట్టాను. రేపు ఆవిణ్ణి వృద్ధుల వసతిగృహంలో చేరుస్తున్నాడు. అక్కడ తలుపులకి బయటినుంచి గడియ పెడతారండీ. మా అమ్మ ఇప్పటికీ తన వంట తనే చేసుకుంటుంది, వీధివాళ్ల బట్టలు కుడుతుంది. నాకు భయంగా ఉంది."

"కథ ఎలా చెప్పారావిడ?"

"రంగు చెప్పలేదు, డిపో చెప్పలేదు. 'పాపం, ఆవిడ తడిసిపోయుంటుందే, ఇంటికెలా వెళ్లిందీ?' అని నన్నే అడిగింది. దానికి మార్కు లేదు."

డిటెక్టివ్ కళ్లు పూర్తిగా తెరిచాడు.

"మరి మీ అనుమానం?"

"మేం రప్పించినవాళ్లు మరీ బాగా చెప్పారండీ. అప్పుడు సంతోషించాను. ఇప్పుడు అమ్మని చూశాక, మామూలు మనిషికి అంత గుర్తుంటుందా అనిపిస్తోంది."

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ సంస్థకి వెళ్లారు. జనం వేచి ఉండే గదిలో రెండు బెంచీలు, మంచినీళ్ల కూజా, మాట్లాడకండి అన్న బోర్డు. మూలన ఎవరిదో పాత నల్ల గొడుగు నిలబెట్టి ఉంది. చీలిన పిడికి నీలం దారం చుట్టారు. బెంచీమీంచి ఓ పెద్దాయన లేచి నమస్కారం పెట్టాడు. ఊరంతా మాస్టారంటారు. రిటైరయ్యాక సంస్థ కోసం వాడవాడా తిరిగి మనుషుల్ని పిలుచుకొచ్చింది ఆయనే.

"అంతమందిని ఎలా ఒప్పించారండీ మాస్టారూ?" అన్నాడు డిటెక్టివ్.

"ఒప్పించడమా? బతిమాలాను. 'మా బుర్రల్లో ఏముందో చూసి నవ్వడానికా' అన్నారు. నవ్వనివ్వను, పూచీ నాది అన్నాను."

"అరగంటా వాళ్లతోనే ఉండేవారా?"

"కొత్తచోటు కదా, బెదిరిపోతారు. తోడుండేవాణ్ణి."

తర్వాత డిటెక్టివ్ లోపలి గదిలో రికార్డింగులు విన్నాడు. రేవు కూలీ గొంతు: "ఎర్ర గొడుగు బాబూ, పిడికి నీలం దారం." నేతగత్తె గొంతు: "పిడి ఇరిగితే నీలం దారం కట్టుకున్నాది." చూపు లేని ముసలాయన గొంతు: "పిడికి దారం. గరుగ్గా ఉంటాది."

"అసలు కథలో దారం ఉందా?" అన్నాడు సహాయకుడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

మర్నాడు పొద్దున వేచి ఉండే గదిలోనే అందరినీ కూర్చోబెట్టారు. సంస్థ డైరెక్టరు, మాస్టారు, ఆమె, ఆమె అన్నయ్య. వసతిగృహానికి వెళ్లే దారిలో తల్లిని కూడా తీసుకొచ్చాడు. ఆవిడ బట్టల మూట ఒళ్లో పెట్టుకుని చుట్టూ చూసింది.

"నాకు మతి లేదని తేల్చడానికి ఇంతమంది పెద్దమనుషులు కావాల్సొచ్చారా?"

"కాసేపు ఊరుకోమ్మా," అన్నాడు కొడుకు.

డిటెక్టివ్ మూలనున్న గొడుగు తెచ్చి బల్లమీద పెట్టాడు.

"మరిచిపోవడం ఎవరి దారి వాళ్లది. కానీ లేని దారాన్ని ఒకరినొకరు ఎరగని మనుషులంతా కలిపి చెప్పారు. అంటే అరగంటలో ఎవరో వాళ్లచేత కథ వల్లె వేయించారు. ఒట్టి నోటిమాటతోనే కాదు. చూపులేనాయన రంగు చెప్పలేదు, గరుకు చెప్పాడు. ఆయన చేతికి ఈ పిడి అందించారు. గొడుగు ఎవరిది మాస్టారూ?"

మాస్టారు గొడుగు పిడిమీద చెయ్యి వేశాడు.

"నాదే. నా పిల్లలకి పాఠం అలాగే చెప్పేవాణ్ణి, వస్తువు చూపించి." ఆయన గొంతు పెరిగింది. "మావాళ్లని ఎవరు ఎప్పుడు పరీక్షకి పిలిచినా తక్కువవాళ్లని తేల్చడానికే పిలిచారు. తెల్లకోటు ముందు వాళ్లకి నోరు పెగలదు. ఈ ఒక్కసారైనా తలెత్తుకోనివ్వాలనుకున్నాను. తప్పా?"

"మీరు వాళ్లని ఎత్తారు. గీత కూడా వాళ్లతోపాటే పైకి పోయింది. ఇప్పుడు ఈ పరీక్ష మీ వాడలకే వెళుతుంది. అక్కడ పక్కన మీరుండరు, గొడుగుండదు. మామూలుగా మరిచిపోయే ప్రతి ముసలివాడూ రోగి అవుతాడు."

మాస్టారు గొడుగుని ఒళ్లోకి తీసుకున్నాడు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయ్యింది నాయనా నీ పని," అంది తల్లి జాలిగా.

"ఈయన్ని ఇవాళే తీసేస్తాను," అన్నాడు డైరెక్టరు లేస్తూ.

"పరీక్షని?" అన్నాడు డిటెక్టివ్.

"అచ్చయి ఆసుపత్రులన్నిటికీ వెళ్లిపోయింది. దారం ముక్క కోసం వెనక్కి రప్పిస్తే నవ్వుతారండీ. అయినా మేం మార్కులు చూస్తాం, గొంతులు వింటూ కూర్చుంటామా?"

"ఒకరు విన్నారు," అని డిటెక్టివ్ ఆమెవైపు తిరిగాడు. "ప్రతి గొంతూ మీరు ఎదురుగా కూర్చుని విన్నారమ్మా. దారానికి మార్కు లేదు. అందుకని మీకు వినపడలేదు."

సహాయకుడు తల దించుకున్నాడు. గురువుగారు గెలిచిన కేసుల్లో అతనికి సంతోషం కలగనిది ఇదొక్కటే.

"సరే, ఈ గొడవంతా మాకెందుకు. బండి బయట ఉంది," అన్నాడు అన్నయ్య. "దారమో గీతో, కాయితం మీద సంతకం నీదేగా చెల్లీ. పదమ్మా."

తల్లి మూట పట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి కూతురి మొహంలోకి చూసింది.

"ఇంతకీ ఆవిడ తడిసిందా లేదా? నువ్వు చెప్పనే లేదు."

ఆమె సంచిలోంచి అమ్మ ఇంటి తాళంచెవి తీసి ఆవిడ అరచేతిలో పెట్టింది. ఆ వేళ్లని ఒక్కొక్కటే మూసింది.